అడుగున ఉన్నవాళ్ళు – 11: చచ్చిన గుల్లల సాక్ష్యం

"అన్నా, స్టీల్ ప్లాంటు అమ్మేస్తున్నారు. యూనివర్సిటీల్లో మన పోస్టులు నింపడం లేదు. నువ్వేమో నత్తగుల్లల మీద రాస్తానంటున్నావు!"

పోయిన వారం ఒక తమ్ముడు ఇన్‌బాక్స్‌లో పెట్టిన మాట ఇది. ఎంఏ తెలుగు చదువుతున్నాడు, మంచి కార్యకర్త. అతనికి అక్కడే రెండు ముక్కల్లో జవాబిచ్చి ఊరుకోవచ్చు. కానీ అలా అనుకునేవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. అందుకే ఈ భాగం మొత్తం ఆ తమ్ముడికే.

ముందు ఒక పద్యం సంగతి చెప్పాలి. ఏనుగు లక్ష్మణకవి తెలుగు చేసిన భర్తృహరి సుభాషితాల్లో నీటిబొట్టు పద్యం ఉంది. మనలో చాలామంది స్కూల్లో బట్టీ పట్టిందే. నీటిబొట్టు కాలిన ఇనుము మీద పడితే ఆనవాలు లేకుండా పోతుంది. తామరాకు మీద పడితే ముత్యంలా మెరుస్తుంది. ముత్యపు చిప్పలో పడితే ముత్యమే అయిపోతుంది. అధముడు, మధ్యముడు, ఉత్తముడు. ఎవరి పొందు దొరికితే వాళ్ళ గుణం వస్తుందట. ఇది నేను క్లాసులో చెప్తుంటే ఒకసారి వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచింది. "సార్, మా నాన్న స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు లేబరు. రోజూ కాలిన ఇనుము దగ్గరే ఉంటాడు. అంటే ఆయన అధముడా?"

నా డాక్టరేట్‌లో ఆ ప్రశ్నకి జవాబు లేదు.

ఆ రోజు ఇంటికొచ్చి ముత్యం ఎలా పుడుతుందో చదివాను. స్వాతివానకీ ముత్యానికీ ఏ సంబంధమూ లేదు. చిప్ప మెత్తని ఒంట్లోకి ఒక పరాన్నజీవో, ఏదో నలుసో దూరితే, దాని బాధ తట్టుకోవడానికి చిప్ప తన ఒంటి పదార్థంతోనే దాన్ని పొరలు పొరలుగా చుట్టేస్తుంది. ముత్యమంటే చిప్పకి తగిలిన గాయం. మన కావ్యాలకి ముత్యం కావాలి. ముత్యాల పలువరసలు, ముత్యాల ముగ్గులు, ముత్యాల సరాలు కావాలి. చిప్ప అక్కర్లేదు. చిప్పని ఏరుకుని కూర వండుకు తిన్న మనిషి అసలే అక్కర్లేదు.

అలా తిన్న మనుషుల్లో మా నానమ్మ ఒకతె.

మాది గెడ్డ ఒడ్డు మాలపేట. సముద్రం ఆటు పట్టి నీళ్ళు వెనక్కి తీసినప్పుడు ఆడవాళ్ళు మోకాలి లోతు బురదలో దిగి, కాలి వేళ్ళతో తడిమి చిప్పలు తీసేవారు. మాంసం కూరకి, గుల్లలు సున్నం బట్టీకి. పెద్దింటి గోడకి వేసిన గుల్ల సున్నంలో మా నానమ్మ వేళ్ళ సందున పుళ్ళు కూడా కలిసి ఉంటాయి. చిన్నప్పుడు నేను అడిగాను, మరి ఇప్పుడు ఎందుకు తేవు అని. ఆమె చెప్పిన మూడు మాటలు ఇప్పటికీ గుర్తున్నాయి. "ముందల వోసనొచ్చింది నాయినా. ఆ తరవాత సిప్ప రుసి మారిపోనాది. ఆ తరవాత సిప్పే నేదు."

ముందు వాసన, తర్వాత రుచి, ఆ తర్వాత లేకపోవడం. దీన్ని గుర్తుపెట్టుకోండి. ఒక చదువురాని మనిషి ఒక ఉప్పుటేరు చావుని వరస తప్పకుండా చెప్పిన వాంగ్మూలం ఇది.

ఆ వరసకి ఇప్పుడు తారీఖులు పెడదాం.

విశాఖ ఇన్నర్ హార్బర్ దేవుడిచ్చింది కాదు. మేఘాద్రి గెడ్డ సముద్రంలో కలిసే చోట ఉన్న చిత్తడినేలని తవ్వి చేసింది. బెంగాల్ నాగపూర్ రైల్వే వాళ్ళ కాలంలో, మధ్య పరగణాల మాంగనీసు ఖనిజాన్ని ఓడలకెక్కించడానికి తవ్వారు. 1933 అక్టోబర్‌లో 'జలదుర్గ' ఓడ లోపలికొచ్చింది. ఎర్రమన్ను, బురద, మడచెట్లు, చిప్పలు ఉన్నచోట ఓడలు తిరిగే లోతు వచ్చింది. 1941లో సింధియా వాళ్ళ నౌకా నిర్మాణ కేంద్రం మొదలైంది. 1957లో కాల్టెక్స్ రిఫైనరీ, 1960లలో ఎరువుల కర్మాగారం, 1970లలో జింక్ స్మెల్టర్ వచ్చాయి. 1976లో ఔటర్ హార్బర్ వచ్చింది. వీటన్నిటితో పాటు పెరుగుతున్న నగరం మురుగంతా గెడ్డల్లోంచి అదే హార్బర్‌లోకి దిగింది. హార్బర్‌కి నోరు ఇరుకు, లోపల కొమ్మలు కొమ్మలుగా చీలి ఉంటుంది. మన తీరంలో ఆటుపోట్ల ఎత్తు కూడా తక్కువే. లోపలికొచ్చింది తొందరగా బయటికి పోదు. అడుక్కి దిగి కూర్చుంటుంది.

ఇది నా ఆవేశం కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం జువాలజీ వాళ్ళు కాగితం మీద పెట్టిన సంగతి. పి.ఎన్. గణపతి గారు, ఎ.వి. రామన్ గారు 1970ల మొదట్నుంచీ హార్బర్ అడుగుబురద తీసి, జల్లించి, అందులో ఏం బతుకుతోందో లెక్కపెట్టారు. కాలుష్యం పెరిగేకొద్దీ రకరకాల జీవులు తగ్గిపోయి, ఊపిరాడని బురదలో కూడా బతికే కాపిటెల్లా అనే ఒక సన్నటి పురుగు విపరీతంగా పెరగడం చూశారు. ప్రపంచంలో ఎక్కడైనా ఆ పురుగు గుంపులుగా కనిపిస్తే అక్కడి అడుగు జబ్బుపడిందని అర్థం చేసుకుంటారు. 1995లో రామన్ గారు ఇరవై మూడేళ్ళ పరిశీలన మొత్తాన్ని ఒక వ్యాసంగా ఒక జర్మన్ పత్రికలో వేశారు. మా నానమ్మ "సిప్పే నేదు" అన్న మాటకి అది ఇంగ్లిషు అనువాదం. తెలుగులో మాత్రం పాఠ్యపుస్తకంలో లేదు, పేపర్లో లేదు, మా పేటకి రాలేదు.

ఇక అసలు గొడవకొస్తాను.

కొన్నేళ్ళ కిందట ఒక ప్రాజెక్టు విస్తరణ మీద ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే వెళ్ళాను. ఎవరి ప్రాజెక్టో ఇక్కడ అనవసరం. ఆ కాగితాల భాష అందరిదీ ఒకటే. సముద్రపు అడుగు గురించి ఉన్న నాలుగు పేజీల సారాంశం ఇది: ఇక్కడ చెప్పుకోదగ్గ జీవజాలం లేదు, ఉన్న మార్పులు కూడా రుతువులవల్ల వచ్చే సహజ మార్పులే. నేను లేచి అడిగాను, పోల్చింది దేనితో అని. పోయినేడాది తీసిన శాంపిళ్ళతో అన్నారు.

చూశారా మాయ? ముందు చంపుతారు. తర్వాత కొలుస్తారు. కొలిచి, ఇక్కడ ఏమీ లేదు కాబట్టి ఇంకొంచెం తవ్వినా నష్టం లేదంటారు. దీనికి శాస్త్రంలో ఒక పేరుంది. డేనియల్ పౌలీ అనే చేపల శాస్త్రవేత్త, అదే 1995లో, దీన్ని జరిగిపోయే ప్రమాణరేఖ అన్నాడు. ప్రతి తరమూ తను పుట్టేనాటికి మిగిలి ఉన్నదాన్నే మొదటి నుంచీ ఉన్నదనుకుంటుంది. అందులోంచే తరుగు లెక్కేస్తుంది. అలా ఒక్కో మెట్టూ దిగుతూ సున్నా దగ్గరకొచ్చినా ఎవరికీ పెద్ద నష్టం కనబడదు.

మనకి ఈ ఎత్తుగడ కొత్తా? ముందు భూమి లేకుండా చేసి, తర్వాత "వీళ్ళకి పట్టాలేవీ?" అని అడగడం. ముందు బడికి రానివ్వకుండా చేసి, తర్వాత "మెరిట్ ఏదీ?" అని అడగడం. మన నేలని బంజరు, పోరంబోకు అని రాసుకున్న చెయ్యే సముద్రపు అడుగుని "చెప్పుకోదగ్గ జీవజాలం లేదు" అని రాసుకుంది. ఖాళీ చేసినవాడే ఖాళీగా ఉందని సర్టిఫికెట్ ఇస్తాడు. తమ్ముడూ, నత్తగుల్లలకీ మన పోస్టులకీ ఏం సంబంధమని అడిగావు. ఇదే సంబంధం.

అయితే ఎదుటివాడి మాటలో నిజమెంతో కూడా చూడాలి. లేకపోతే మనదీ పురాణమే అవుతుంది. సముద్రం సహజంగా మారదా? మారుతుంది. సుమారు ఇరవై వేల ఏళ్ళ కింద సముద్ర మట్టం ఇప్పటికంటే నూట ఇరవై మీటర్లు కిందుంది. అప్పటి ఒడ్డు ఇప్పుడు నీళ్ళలో ఎక్కడో లోపల ఉంది. ఆ తీరాల చిప్పలన్నీ తమ చోటు మార్చుకున్నాయి. ఏటా ఎండాకాలం ముందు గాలి తిరిగి, పైనీళ్ళు లోపలికి జరిగి, అడుగు చల్లనీళ్ళు మన తీరంలో పైకొస్తాయి. 1950లలోనే లాఫాండ్ అనే అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త ఏయూలో ఉండి దీని మీద రాశాడు. వానలయ్యాక నదుల నీళ్ళు కలిసి తీరంలో ఉప్పదనం పడిపోతుంది. తట్టుకోలేని చిప్పలు చస్తాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నగరంలో చెట్లు నిలవలేదు, ఇక లోతు తక్కువ అడుగు నిలుస్తుందా?

కానీ రెంటికీ తేడా ఉంది. రుతువు వెళ్తుంది, వస్తుంది. తుఫాను తర్వాత నీళ్ళలో తేలే పిల్ల చిప్పలు వచ్చి మళ్ళీ అడుగున దిగుతాయి. దిగడానికి బతికే అడుగు ఉండాలి, అంతే. సముద్ర మట్టం పెరిగింది వేల ఏళ్ళ మీద. చిప్పల జాతులకి జరగడానికి టైముంది. మా నానమ్మ గెడ్డ ఒక్క జీవితకాలంలో పోయింది, మళ్ళీ తిరిగి రాలేదు. సహజం అంటే తిరిగొచ్చే దారి ఉండాలి, లేదా తప్పుకునే వ్యవధి ఉండాలి. ఇక్కడ రెండూ లేవు.

సరే, 1970లకి ముందు లెక్కలు లేవు కదా, ఎలా నిరూపిస్తావు? ఇదీ వాళ్ళ ఆఖరి ప్రశ్న. రాతలేని వాళ్ళని ఎప్పుడూ అడిగే ప్రశ్న.

దీనికి జవాబు చిప్పల దగ్గరే ఉంది. చిప్ప చచ్చినా గుల్ల పోదు. బురదలో పొర మీద పొరగా ఉండిపోతుంది. పైన ఇప్పుడు బతికున్నవి ఏవి, కింద చచ్చి ఉన్నవి ఏవి అని పోల్చిచూస్తే, రెండూ బాగా తేడా ఉన్నచోట మనిషి చెయ్యి పడిందని అనుమానించాలని సూజన్ కిడ్‌వెల్ అనే భూగర్భ శాస్త్రవేత్త 2007లో చాలా చోట్ల లెక్కలు తీసి చూపించింది. ఆమె, ఆడమ్ టొమాషోవిచ్ కలిసి 2017లో దక్షిణ కాలిఫోర్నియా సముద్రపు అడుగు గుల్లల వయసు కట్టారు. వేల ఏళ్ళు అక్కడ బతికిన గుల్లజీవులు పందొమ్మిదో శతాబ్దంలో కుప్పకూలాయని తేలింది. అంటే లాస్ ఏంజిలిస్ మహానగరమూ, దాని మురుగు గొట్టాలూ రాకముందే. కారణం ఏమై ఉంటుంది? గడ్డినేలల్లో విచ్చలవిడిగా మేపిన పశువుల మందలు. నేల కోసుకుపోయి, మట్టి సముద్రంలో దిగి, శుభ్రమైన గట్టి అడుగు కావాల్సిన జీవుల్ని కప్పేసిందని వాళ్ళు తేల్చారు. ఆ నేలల్ని ఎవరి దగ్గర లాక్కుని ఆ మందల్ని తోలారో మీకు చెప్పక్కర్లేదు. అక్కడి ఆదివాసుల చరిత్ర రాయనివాళ్ళు గుల్లల చరిత్ర రాయడమా? గుల్లలు తమ చరిత్ర తామే దాచుకున్నాయి.

చచ్చిన గుల్లలు సాక్ష్యం చెప్తాయి మిత్రులారా. కోర్టులో మన మాట చెల్లనప్పుడు కూడా.

ఇంకొక వాదన ఉంది. నేరమంతా విదేశీ చిప్పదట. 1967 ప్రాంతంలో విశాఖ హార్బర్‌లో ఒక కొత్త చిప్ప కనబడింది. మైటిలాప్సిస్ సాలీ. కరీబియన్ వైపుది. రెండు మూడు సెంటీమీటర్లుంటుంది, గుత్తులు గుత్తులుగా ఓడల అడుగునా, గోడలకీ, గొట్టాలకీ పట్టేస్తుంది. ఉప్పునీళ్ళైనా, మంచినీళ్ళు కలిసినా తట్టుకుంటుంది. గణపతి గారూ వాళ్ళూ 1971లో దీని మీద ప్రకటించారు. మన దేశంలో దీన్ని మొదట గుర్తించింది ఇక్కడే. తర్వాత బొంబాయిలో కనబడింది. ఇప్పుడు కేరళ కాయల్‌లలో స్థానిక చిప్పల నోటికాడ కూడు లాక్కుంటోంది.

1999లో ఇదే చిప్ప ఆస్ట్రేలియా డార్విన్ రేవులో కనబడింది. వాళ్ళేం చేశారో తెలుసా? రేవు మూసి, క్లోరిన్, మైలుతుత్తం పోసి, కొన్ని వారాల్లోనే మొత్తం తుడిచిపెట్టారు. ఎందుకంత తొందర? ఆ తీరంలో ముత్యాల వ్యాపారం ఉంది కాబట్టి. ఇక్కడ చిప్పలు మా నానమ్మ కూర మాత్రమే. ముత్యం ఉన్నచోట ప్రభుత్వం వారాల్లో కదిలింది. కూర ఉన్నచోట అర్ధ శతాబ్దం గడిచింది. ఓడలు తమ కడుపులో మోసుకొచ్చే బ్యాలస్ట్ నీళ్ళని శుద్ధి చేయాలనే అంతర్జాతీయ ఒప్పందం అమల్లోకి వచ్చింది 2017లో. ఇక్కడ ఆ చిప్ప దిగిన యాభై ఏళ్ళకి.

అందుకని చిప్పని తిట్టకండి. అది తనంతట తాను రాలేదు, ఓడ ఎక్కించుకొచ్చింది. దిగేటప్పటికి ఇక్కడి అడుగు సగం చచ్చి ఉంది, అడ్డు చెప్పే చిప్పలు లేవు. పైగా ఓడలకి ఇలాంటివి అంటుకోకుండా పూసే టీబీటీ అనే రంగు ఇంకో విషం. దానివల్ల ఆడనత్తలకి మగ అవయవాలు మొలవడం ప్రపంచంలో ఎన్నో రేవుల్లో చూశారు. 2008లో గానీ ఆ రంగు మీద అంతర్జాతీయ నిషేధం అమలు కాలేదు. వలసొచ్చినవాడి మీదకి నెట్టేసి ఓడ యజమాని తప్పుకోవడం మనకి తెలియని కథ కాదు.

ఇప్పుడు నా గొంతులో ముల్లు సంగతి.

మా నాన్న రేవులో కళాసీ. ఆ జీతంతోనే నేను చదివాను. మా పేటలో మొదటి డాక్టరేట్ నాది. రేవు, షిప్‌యార్డు, ఉక్కు. ఈ నగరంలో మనవాళ్ళు ఊరి పెత్తందారు కళ్ళముందు నుంచి బయటపడి యూనిఫాం వేసుకున్న చోట్లు ఇవే. రిజర్వేషన్ ఉద్యోగం అంటే ఏమిటో మా పేటకి తెలిసింది వీటివల్లే. 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' ఉద్యమంలో 32 మంది ప్రాణాలిచ్చారు. ఆ ప్లాంటుని 2021 నుంచి తెగనమ్మాలని చూస్తుంటే రోడ్డెక్కినవాళ్ళలో నేనూ ఉన్నాను, రేపూ ఉంటాను. కాబట్టి పరిశ్రమలు వద్దని నేను చెప్పడం లేదు. చెప్పే అర్హత నాకు లేదు. మా నానమ్మ చిప్పలు చచ్చిన బురద మీదే నా పుస్తకాల అలమర నిలబడి ఉంది.

సరిగ్గా అందుకే అడుగుతున్నాను. పబ్లిక్ సెక్టార్‌లో 'పబ్లిక్' అంటే ఎవరు? ఉక్కు కోసం 64 ఊళ్ళు లేచిపోయాయి, నిర్వాసితులు ఇప్పటికీ ఆర్ కార్డులు పట్టుకు తిరుగుతున్నారు. గంగవరంలో రేవు కోసం జాలర్లని కదిలిస్తే, 2006లో పోలీసు కాల్పుల్లో ఒక మత్స్యకారుడు పోయాడు. వాళ్ళ పేరు మీద వచ్చిన లాభం, వాళ్ళ పేరు మీద వచ్చిన విషం, రెండిటి లెక్కా పబ్లిక్‌గానే ఉండాలి. ప్రైవేటువాడు లెక్క చూపించడని మనం అంటున్నాం కదా. మరి ప్రభుత్వ రంగం తొంభై ఏళ్ళ అడుగుబురద లెక్క ఎప్పుడు చూపించింది? దాన్ని కాపాడుకోవడం అంటే దాన్ని అడగడం కూడా. అడగకుండా కాపాడితే అది భక్తి అవుతుంది, పోరాటం కాదు.

మన ఉద్యమం కూడా ఒకటి ఒప్పుకోవాలి. సముద్రం జాలరి, వాడబలిజల గొడవ, నేల మన గొడవ అని విడదీసుకున్నాం. ఆ ప్రజాభిప్రాయ సేకరణ కాగితాల్లో 'మత్స్యకారులు' అంటే పడవ ఉన్నవాళ్ళే. వట్టి చేతుల్తో ఆటులో చిప్పలు ఏరుకునే ఆడది ఏ కులమైనా సరే, మాలైనా, రెల్లైనా, జాలరైనా, ఆ లెక్కలో లేనే లేదు. పడవ లేదు, వల లేదు, లైసెన్సు లేదు. ఆమె పోగొట్టుకున్నదానికి రసీదు లేదు. మహద్‌లో 1927లో బాబాసాహెబ్ చెరువులో దిగి నీళ్ళు తాగింది నీళ్ళ కోసం మాత్రమేనా? ఊరుమ్మడిది అన్నదాంట్లో మనం కూడా ఉన్నామని చెప్పడానికి. ఈ సముద్రమూ ఉమ్మడిదే.

కాబట్టి తమ్ముడూ, పని చెప్తాను.

ఒకటి. జువాలజీ, జియాలజీ చదువుతున్న మన పిల్లలు హార్బర్‌లో, గెడ్డ మూతిలో గొట్టం దింపి అడుగుబురద పొరలు తీయించే ప్రాజెక్టు అడగాలి. అందులో చచ్చిన గుల్లల వయసు కట్టాలి. 1933కి ముందు ఇక్కడ ఏం బతికిందో అవి చెప్తాయి.

రెండు. ఈ తీరంలో ఏ కొత్త ప్రాజెక్టు వచ్చినా, 'ప్రస్తుత స్థితి'ని పోయినేడాదితో కాదు, ఏయూ 1970ల లెక్కలతో పోల్చమని ప్రజాభిప్రాయ సేకరణలో నిలదీయాలి. 2006 నోటిఫికేషన్ మనకిచ్చిన మైకు అది. వాళ్ళు కట్టేసేలోపు వాడండి.

మూడు. తవ్విన బురద సముద్రంలో ఎక్కడ పోస్తున్నారో, అక్కడ తర్వాత ఏం బతుకుతోందో తెలుగులో బయట పెట్టమని సమాచార హక్కు కింద అడగండి.

నాలుగు. తెలుగు విద్యార్థులకి ఇది. మీ పేటల్లో ముసలమ్మలు ఇంకా ఉన్నారు. ఏ చిప్ప ఎక్కడ దొరికేది, దాన్నేమనేవారు, ఎప్పుడు ఆగిపోయింది అని అడిగి రాసుకోండి, రికార్డు చేసుకోండి. జానపద సాహిత్యం అంటే పాటలే కాదు. ఒక చిప్ప పేరు పోతే ఆ చిప్పని సాక్షిగా పిలవడానికి కూడా పేరుండదు.

నానమ్మ పోయి ఆరేళ్ళయింది. గెడ్డలో దొరికే చిప్పలకి ఆమె వేర్వేరు పేర్లు చెప్పేది. నేను పీహెచ్‌డీలో ప్రబంధాల వర్ణనలు ఎన్నో రాసుకున్నాను గానీ, ఆ పేర్లు రాసుకోలేదు. రెండే గుర్తున్నాయి. అవి కూడా సరిగ్గా గుర్తున్నాయో లేదో చెప్పడానికి ఇప్పుడు చిప్పలు లేవు, ఆమె లేదు.

ఆ తప్పు నాది. మీరు చేయకండి.

జై భీమ్.